పెరట్లో ఆక్వాపోనిక్స్ ఎలా మొదలుపెట్టాలి?

మాది భీమవరం దగ్గర ఊరు. ఎటు చూసినా చెరువులే. అలాంటి చోట పెరట్లో 500 లీటర్ల ట్యాంకులో చేపలు వేస్తానంటే ఇంట్లో నవ్వనివాళ్లు లేరు. "చుట్టూ ఇన్ని చెరువులు పెట్టుకుని ఇదేం సరదారా?" అన్నాడు మామయ్య. నాకు కావాల్సింది చేపలు కాదు, ఆకుకూరలు. మా పెరడు చౌడు నేల, తోటకూర కూడా సరిగ్గా రాదు. చేపల నీళ్లతో కంకరలో కూరలు పండించొచ్చని, దాన్నే ఆక్వాపోనిక్స్ అంటారని విని దిగాను. మొదటి వారంలోనే 20 చేపపిల్లల్లో 14 చచ్చాయి. అవి ఎందుకు చచ్చాయో అర్థమైతే ఈ పని సగం వచ్చినట్టే.

చేప తన మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. అది దానికే విషం. కంకరను పట్టుకుని పెరిగే ఒక రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. ఇది మొక్కకు ఎరువు. మొక్క దాన్ని తాగేశాక నీళ్లు తిరిగి చేపల దగ్గరికి వస్తాయి. కొత్త ట్యాంకులో ఈ బ్యాక్టీరియా దాదాపు ఉండదు. అది తయారవడానికి నెల పడుతుంది. నేను ఆ నెల ఆగలేదు.

సామాను

500 లీటర్ల నీళ్ల ట్యాంకు ఒకటి, 200 లీటర్ల నీలం డ్రమ్ములు రెండు చాలు. డ్రమ్ముల్ని నిలువుగా చీలిస్తే నాలుగు తొట్లు వస్తాయి, అన్నీ కలిపి సుమారు రెండు చదరపు మీటర్ల మడి. డ్రమ్ములో అంతకు ముందు ఏం పోశారో కనుక్కోండి. యాసిడ్, పురుగుమందు డ్రమ్ములైతే ఎంత కడిగినా వద్దు. వీటికి తోడు నీళ్లలో ముంచే చిన్న పంపు, గాలి పంపు, 15 నిమిషాల గీతలున్న ప్లగ్ టైమర్, పీవీసీ పైపులు. అన్నీ కొత్తవి కొంటే 10 వేలు దాటుతుంది.

తొట్లలోంచి నీళ్లు వాటంతట అవే ట్యాంకులో పడాలి కాబట్టి తొట్లు ఎత్తులో ఉండాలి. కంకర, నీళ్లతో ఒక్కో తొట్టి 170 కిలోల దాకా తూగుతుంది. అందుకని వాటిని ఎక్కువ ఎత్తుకు లేపే బదులు ట్యాంకునే సగం దాకా గోతిలో దించి, తొట్లను సిమెంటు బ్లాకుల మీద పెట్టాను. గోతిలో నీళ్లు చల్లగా కూడా ఉంటాయి. డెల్టాలో వానాకాలం నేల నీరు పైకొస్తుంది, అప్పుడు ఖాళీ ట్యాంకు పడవలా తేలిపోతుంది. ఎప్పుడూ నిండుగా ఉంచండి. ట్యాంకు నీడలో ఉండాలి, తొట్లకు రోజుకు ఐదారు గంటల ఎండ తగలాలి.

కంకర 20 ఎం.ఎం. నల్లరాయి తీసుకోండి. నాలుగు రాళ్లు గిన్నెలో వేసి నిమ్మరసం పిండండి. బుడగలు వస్తే అందులో సున్నపురాయి ఉన్నట్టే, వెనక్కి పంపేయండి. మంచి కంకరైనా నీళ్లు తేటపడేదాకా కడగాలి. ఈ పనిలో నా నడుము విరిగింది, అయినా మానకూడదు.

నీళ్లు ఎక్కి దిగాలి

తొట్టి నిండగానే నీళ్లను దానంతటదే లాగేసే బెల్ సైఫన్ అని ఒక ఏర్పాటు ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మొదటిసారి చేసేవాళ్లకు దాంతో టెన్షన్ తప్ప మిగిలేది లేదు. దానికన్నా ఇది తేలిక: ప్రతి తొట్టి అడుగున రంధ్రం చేసి ఒక పైపు నిలబెట్టండి. పైపు పైకొస కంకర పైభాగానికి ఐదు సెంటీమీటర్ల కింద ఉండాలి. పైపు అడుగు దగ్గర 6 ఎం.ఎం. రంధ్రం ఒకటి వేయండి. కంకర లోపలికి పడకుండా దాని చుట్టూ బెజ్జాలు వేసిన లావు పైపు తొడగండి. పంపు నడిచినప్పుడు నీళ్లు పైకొస దాకా ఎక్కి పొర్లుతాయి, ఆగినప్పుడు చిన్న రంధ్రం గుండా దిగిపోతాయి. దిగేటప్పుడు వేళ్లకు గాలి అందుతుంది. టైమర్ 15 నిమిషాలు ఆన్, 45 నిమిషాలు ఆఫ్. కంకర పైపొర ఎప్పుడూ పొడిగా ఉంటుంది కాబట్టి దోమలు, పాచి పట్టవు.

పంపు గంటకు 2000 లీటర్లది కొనండి. డబ్బా మీద రాసేది ఎత్తు లేనప్పటి లెక్క, మీటరు పైకి ఎక్కించేసరికి చాలా తగ్గుతుంది. పంపును ఒక ఇటుక మీద పెట్టండి. ఎక్కడైనా పైపు ఊడిపోయినా ఆ ఇటుక ఎత్తు నీళ్లైనా చేపలకు మిగులుతాయి.

చేపల్లేని నెల

మా వైపు బోరు నీళ్లు ఉప్పు. రెండోసారి నేను కుళాయి నీళ్లు పట్టి, గాలి పంపు పెట్టి రెండు రోజులు వదిలేశాను, క్లోరిన్ పోవడానికి. ఆ తర్వాత పంపు, టైమర్ ఆన్ చేసి, గుప్పెడు చేపల మేత పలచటి బట్టలో మూటకట్టి ట్యాంకులో వేలాడదీశాను. అది కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. పాత అక్వేరియం ఉన్న స్నేహితుడి ఫిల్టర్ నుంచి నాలుగు రాళ్లు తెచ్చి తొట్లో వేశాను. పెరుగుకు తోడు వేసినట్టే అనుకోండి.

ఇక రోజూ పరీక్ష. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) చూసే కిట్లు ఆక్వా షాపుల్లో దొరుకుతాయి. అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) దాకా పెరిగితే మూట తీసేయండి, పడిపోతే మళ్లీ పెట్టండి. మొదటి వారం అమ్మోనియా పెరుగుతూ పోయింది, నైట్రైట్ సున్నా. పదో రోజు నైట్రైట్ కిట్ గొట్టంలో నీళ్లు లేత గులాబీ రంగుకు తిరిగాయి, అంటే నైట్రైట్ మొదలైంది. మరో నాలుగు రోజులకు ముదురు గులాబీ. ఆ రంగు వారం పైగా దిగలేదు, ఇంక దిగదేమో అనిపించింది. 26వ రోజు పొద్దున గొట్టం తేటగా ఉంది, అమ్మోనియా కూడా సున్నా. అప్పుడు మళ్లీ మేత మూట పెట్టి చూశాను. పుట్టిన అమ్మోనియా ఒక్క రోజులో మాయమైంది. చేపలు వేయాల్సింది అప్పుడు.

షాపులో ప్రోబయోటిక్ ప్యాకెట్ వేస్తే మూడు రోజుల్లో అయిపోతుందంటారు. వాటిలో ఉండేది ఎక్కువగా బాసిల్లస్ అనే వేరే రకం బ్యాక్టీరియా. అవి అడుగు బురదను తింటాయి, ఈ పని చేయవు. అలాగే చెరువులో చల్లినట్టు ఇక్కడ సున్నం చల్లకండి. పీహెచ్ ఒక్కసారిగా పెరిగితే ఉన్న కాస్త అమ్మోనియా కూడా విషం ఎక్కువవుతుంది. పీహెచ్ 7కు అటూ ఇటూగా ఉంటే చాలు. నెలలు గడిచేకొద్దీ అదే తగ్గుతూ వస్తుంది. 6.5కు దిగినప్పుడు గుల్లల పొడి మూటకట్టి వేలాడదీయండి.

ఏ చేప?

తినేవాళ్లైనా కాకపోయినా మొదట కోయి, గోల్డ్‌ఫిష్ మంచివి. నేను రెండోసారి రూప్‌చంద్ వేశాను. మా దగ్గర పిల్ల సులువుగా దొరుకుతుంది, వేడికి తట్టుకుంటుంది, పెల్లెట్లు తింటుంది. కొర్రమీను గాలి పీల్చుకుని బతుకుతుంది కానీ వల కప్పకపోతే గెంతి బయటపడుతుంది, చిన్నవాటిని మింగేస్తుంది. బొచ్చె, శీలావతికి ఈ ట్యాంకు ఇరుకు. గిఫ్ట్ అనే రకం తిలాపియాకు మత్స్యశాఖ అనుమతి కావాలి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ నిషేధం, ఎవరైనా అమ్మజూపినా తేవద్దు.

20 పిల్లలు చాలు. పిల్లల్ని తెచ్చిన సంచిని 20 నిమిషాలు ట్యాంకులో తేలనిచ్చి, లోపలి నీళ్లు, బయటి నీళ్లు ఒకే వేడికి వచ్చాక విప్పండి. తేలే మేత రెండు పూటలా వేయండి, ఐదు నిమిషాల్లో తినేసేంతే. మిగిలింది జల్లెడతో తీసేయండి. ఆకుకూరలకు చదరపు మీటరుకు రోజుకు 40 నుంచి 50 గ్రాముల మేత సరిపోతుంది, అంటే మన రెండు మీటర్లకు 100 గ్రాములు దాటక్కర్లేదు. చేపలు 200 గ్రాములకు వచ్చేసరికి లెక్క అక్కడికే వస్తుంది.

మొక్కలు

చేపల కన్నా వారం ముందే నాటండి. పుదీనా, తోటకూర, గోంగూర, పాలకూర బాగా వస్తాయి. బచ్చలి మాత్రం దండయాత్రే, కొయ్యకపోతే పక్క తొట్లోకి పాకుతుంది. లేత ఆకులు పసుపై ఈనెలు పచ్చగా ఉంటే ఇనుము తక్కువైనట్టు. ఎరువుల షాపులో చిలేటెడ్ ఐరన్ అడిగి, లీటరుకు 2 మిల్లీగ్రాముల లెక్కన వేయండి. ఏ పురుగుమందూ కొట్టకండి. పొగాకు కషాయం, వేప నూనె, మైలుతుత్తం కూడా వద్దు, అన్నీ చేపల్లోకే దిగుతాయి. పేనుబంక వస్తే ఆకు కడగండి, మరీ ముదిరితే మొక్క పీకేయండి.

కరెంటు పోతే

నీళ్ల పంపు మూడు నాలుగు గంటలు ఆగినా పరవాలేదు, కంకరలో తడి ఉంటుంది. గాలి పంపు ఆగితేనే ప్రమాదం. దాన్ని ఇన్వర్టర్‌కు కలపండి, లేదా బ్యాటరీ ఉన్నది కొనండి. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే గాలి చాలడం లేదన్నమాట. ఆ పూట మేత మానేసి, ముందు గాలి సంగతి చూడండి.

చేపలు 300 గ్రాములు దాటాక పట్టడం మొదలుపెట్టొచ్చు. అన్నీ ఒకేసారి పడితే తొట్లో బ్యాక్టీరియాకు, మొక్కలకు తిండి ఆగిపోతుంది. నేను నెలకు నాలుగు తీసి, నాలుగు కొత్త పిల్లలు వేస్తాను. అరచేయంత ఉన్నవే వేయండి, మరీ చిన్నవైతే పెద్దవి బతకనివ్వవు. ఆ నాలుగులో రెండు మామయ్యకే పోతున్నాయి, గోంగూర కట్టతో సహా.