గింజలు ఉడకడం లేదా? పులుపు ఎప్పుడు వేశారో చూడండి

శనగలు, రాజ్మా ఎంతసేపు ఉడికించినా గట్టిగానే ఉంటున్నాయంటే చాలాసార్లు పులుపు తొందరపడి వేసినట్టే. టమాటా, చింతపండు ముందే పడితే గింజ తొక్క మెత్తబడదు. గింజ వేళ్ల మధ్య నలిగాకే పులుపు వేయాలి.

కప్పు గింజలకు నాలుగు కప్పుల నీళ్లు, టీస్పూను ఉప్పు వేసి 8 నుంచి 12 గంటలు నానబెట్టండి. ఉప్పు వేస్తే ఉడకవంటారు గానీ, నానబెట్టే నీళ్లలో వేస్తే తొక్క ఇంకా మెత్తబడుతుంది. ఆ నీళ్లు పారబోసి కొత్త నీళ్లలో ఉడికించండి, గ్యాస్ బాధ కొంత తగ్గుతుంది. సున్నం ఎక్కువున్న నీళ్లయితే చిటికెడు వంటసోడా చాలు. ఎక్కువైతే సబ్బు వాసన. ఏళ్ల తరబడి డబ్బాలో మూలిగిన గింజలతో మాత్రం కుస్తీ పట్టొద్దు.

రాజ్మా విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. సగం ఉడికిన గింజల్లో లెక్టిన్ అనే సహజ విషపదార్థం మిగిలిపోయి వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. నానినవి కనీసం 10 నిమిషాలు తెర్లుతూ మరగాలి. స్లో కుక్కర్‌కు అంత వేడి రాకపోవచ్చు, పచ్చివి నేరుగా అందులో వేయకండి. ప్రెషర్ కుక్కర్‌తో ఈ బెంగ లేదు.

నిమ్మరసం వడ్డించే ముందు పిండండి. అందులోని సి విటమిన్ వల్ల గింజల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది.