అప్పుతో ఇల్లు, 4వ పాఠం: ఈఎంఐ కాదు, మిగిలిన నెలలు చూడండి

పోయిన పాఠంలో డౌన్ పేమెంట్ లెక్క వేశాం కదా, ఆ కాగితం తీయండి. అందులో తేలిన 30 లక్షల లోన్‌తోనే ఇవాళ పని.

అద్దెకి ఇద్దామని 2022 మొదట్లో ఫ్లాట్ కొన్నారు, 6.7 శాతం ఫ్లోటింగ్ (మార్కెట్‌ని బట్టి మారే) వడ్డీ, 20 ఏళ్లు అనుకుందాం. ఈఎంఐ సుమారు 22,720. ఆ మే నెల నుంచి రిజర్వ్ బ్యాంక్ రెపో రేటు (బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ) పెంచుతూ పోయింది, 4 శాతం ఉన్నది 2023 ఫిబ్రవరికల్లా 6.5కి చేరింది. లోన్ రెపోకి ముడిపడి ఉంటే మన వడ్డీ కూడా 9.2 అయినట్టే. అయినా బ్యాంకు ఈఎంఐ పెంచకుండా నెలలు పెంచితే ఖాతాలో కట్ అయ్యేది అదే 22,720, అందుకే చాలామందికి ఏమీ మారలేదనిపిస్తుంది.

పెన్ను పట్టుకోండి. లెక్క సులువుగా ఉండాలని మొదటి ఏడాదంతా పాత వడ్డీకే కట్టారనుకుంటే తీర్చాల్సిన అసలు 29.26 లక్షలు మిగులుతుంది. దాన్ని 9.2తో గుణించి 1200తో భాగించండి, ఒక్క నెల వడ్డీయే 22,433 వస్తుంది. అసలులో తగ్గేది మూడొందలు కూడా లేదు! ఇలాగే కడితే అప్పు తీరడానికి ఇంకో 47 ఏళ్లు దాటుతుంది. బ్యాంకు అంతకాలం ఆగదు, రిటైర్మెంట్ వయసు చూసి ఎక్కడో ఒకచోట ఈఎంఐ పెంచుతుంది. మొదట అనుకున్నట్టే మిగిలిన 19 ఏళ్లలో తీర్చాలంటే నెలకి 27,200 కట్టాలి.

వడ్డీ మారినప్పుడు ఈఎంఐ పెంచాలా, కాలం పెంచాలా, రెండూ కలిపా అన్నది మనకే వదలాలని రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టులో బ్యాంకులకి చెప్పింది, కాబట్టి వడ్డీ మారిందని బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే దయచేసి చదవండి, ఊరుకుంటే ఏళ్లే పెరుగుతాయి. 2025లో లాగా రేట్లు తగ్గినప్పుడు మాత్రం ఈఎంఐ తగ్గించుకోకుండా ఏళ్లు తగ్గించుకోండి.

ఉద్యోగాలు ఎప్పుడుంటాయో తెలియని ఈ రోజుల్లో నా మాట ఒకటే: కొనకముందే ఇవాళ్టి వడ్డీకి 2.5 శాతం కలిపి ఈఎంఐ వేసుకోండి, ఫ్లాట్ ఖాళీగా ఉన్నా, అద్దె రాకపోయినా, ఆ పెద్ద ఈఎంఐ ఆరు నెలలు కట్టే డబ్బు చేతిలో ఉండాలి. అది లేకపోతే ఇంకో ఏడాది ఆగండి, తప్పేం లేదు.

ఇంటిపని: ఇప్పటికే లోన్ ఉన్నవాళ్లు బ్యాంకు నుంచి రీపేమెంట్ షెడ్యూల్ తెచ్చుకుని, మిగిలిన నెలలెన్నో, పోయిన నెల అసలుకి ఎంత జమైందో రాసుకోండి. కట్టడంలో ఉన్న ఫ్లాట్‌కి ప్రీ ఈఎంఐ (ఫ్లాట్ పూర్తయ్యేదాకా కట్టే వడ్డీ) లెక్క 5వ పాఠంలో చేద్దాం.