వాగు పొంగక ముందే ఊరి లెక్క చూసుకోవాలి

నైరుతి రుతుపవనాలు జూన్‌లో తెలుగు రాష్ట్రాలను తాకుతాయి. మండల కేంద్రానికి వెళ్లే ఏకైక దారిలో వాగుపై వంతెన లేకుండా, వాగు పొంగితే నీరు పైనుంచే పారే లోలెవల్ చప్టా మాత్రమే ఉన్న ఊళ్లు అంతకు ముందే, అంటే మే నెలలోనే, రాకపోకలు నిలిచిపోయే రోజులకు సిద్ధం కావాలి.

మొదట కావలసింది జనం లెక్క. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడినందువల్ల చాలా కాగితాలలో ఇప్పటికీ 2011 నాటి సంఖ్యే కనిపిస్తుంది. ఆనాడు ఆరేళ్లలోపు పిల్లలుగా నమోదైనవారు ఇప్పుడు వాగు దాటి కాలేజీకి వెళ్తున్నారు, లేదా పనికోసం ఊరు విడిచారు. రోడ్డు మంజూరుకు ఆ సంఖ్య అవసరమే. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదాన ప్రాంతాలలో 500, గిరిజన, కొండ ప్రాంతాలలో 250 జనాభాను ప్రమాణంగా తీసుకుంది. అయితే వరద రోజున పనికొచ్చేది ఆ మొత్తం సంఖ్య కాదు. ఎవరు వాగు దాటక తప్పదో వారి పేర్ల పట్టిక కావాలి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ కార్యదర్శి కలిసి కూర్చుంటే ఒక్క పూటలో అది తయారవుతుంది.

ఆ పట్టికలో ముందుగా గర్భిణుల పేర్లు, వారి కాన్పు తేదీలు ఉండాలి. జూలై నుంచి సెప్టెంబరు వరకు కాన్పు ఉన్నవారిని, నొప్పులు మొదలయ్యేదాకా ఆగకుండా, వారం పది రోజుల ముందే ఆసుపత్రికి దగ్గరలోని బంధువుల ఇంటికి చేర్చాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటానికి, ‘ఇంకా సమయముందిలే’ అనే మాటకు తావివ్వకూడదని వేడుకుంటున్నాను. అవతలి ఒడ్డున 108 వాహనం లైట్లు వెలుగుతూ కనిపిస్తున్నా, మధ్యలో నడుములోతు నీరు ఉంటే అది రాలేదు. డయాలసిస్ చేయించుకునేవారికీ ఇదే వర్తిస్తుంది. బీపీ, షుగర్, క్షయ మందులు వాడేవారు కనీసం నెలకు సరిపడా తెచ్చిపెట్టుకోవాలి.

చప్టాను ఎండాకాలంలోనే దగ్గరగా పరిశీలించాలి. పైన కాంక్రీటు గట్టిగా కనిపించినా, దిగువ అంచున నీరు పడే చోట మట్టి కోసుకుపోయి పలక కింద బోలుగా ఉంటుంది. తూములకు అడ్డుపడిన ముళ్లకంపను, చెత్తను తొలగించాలి. ఇరువైపుల రాళ్లకు సున్నం వేసి, నీరు ఎన్ని అడుగుల లోతుందో తెలిసేలా గుర్తులు ఎర్రరంగుతో రాయాలి. పారే నీరు అడుగులోతు ఉన్నా చిన్న కారును తేల్చి పక్కకు నెట్టగలదు. ట్రాక్టరు బరువును నమ్ముకోవడం మరీ ప్రమాదకరం, ఎందుకంటే ఇంజను నిలదొక్కుకున్నా వెనక ట్రాలీని ప్రవాహం లాగితే రెండూ కలిసి వాగులో పడతాయి.

గోదావరి ఒడ్డు ఊళ్లు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. నది పోటెత్తినప్పుడు వాగు నీరు అందులోకి దిగలేక వెనక్కు తన్నుతుంది కనుక, ఊళ్లో చినుకు పడకపోయినా దారి మునగవచ్చు. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48కి రెండవ, 53కి మూడవ ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. మొదటి హెచ్చరిక వినగానే రోగులను, వృద్ధులను తరలించాలి.

పల్లెవెలుగు బస్సు ఎక్కడిదాకా వచ్చి వెనుదిరుగుతుందో డిపోలో ముందే అడిగి తెలుసుకుని, బడి పిల్లల తల్లిదండ్రులకు చెప్పాలి. ఉదయం వెళ్లిన పిల్లలు సాయంత్రం వాగు పొంగి అవతలే చిక్కుకుంటే ఏ ఇంట ఉండాలో ముందే నిర్ణయించి, ఆ ఇంటి ఫోను నంబరు వారి పుస్తకంలో రాసివ్వాలి. కరెంటు పోయి సెల్ టవరు ఆగిపోయే అవకాశం ఉంది కాబట్టి నంబర్లు కాగితంపైనే ఉండాలి. అత్యవసర సహాయానికి 112 అని అందరికీ నేర్పాలి.

నీరు తగ్గిన వెంటనే బండ్లు వదలకూడదు. ఒండ్రు తొలగించి, చప్టా అంచులను, అప్రోచ్ రోడ్డును ఇంజనీరు చూసి అనుమతించేదాకా రెండు ఒడ్లా తాడు కట్టి మనిషిని కాపలా ఉంచాలి.