భిన్నాల కూడిక పిల్లలకు ఎలా నేర్పాలి?

1/2 + 1/3 = 2/5. ఐదో తరగతి పిల్లల నోటుపుస్తకాల్లో తరచూ కనిపించే తప్పు ఇది. పైదానికి పైది, కిందదానికి కిందది కలిపేశారు. తప్పని చెప్పి క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం) పద్ధతి నాలుగుసార్లు చేయిస్తే ఆ వారమంతా బాగానే చేస్తారు. పరీక్ష నాటికి మళ్లీ 2/5 దగ్గరికే వస్తారు. మరుపొక్కటే దీనికి కారణం కాదు. ఆ వయసు పిల్లలకు 1/2 అంటే ఒక సంఖ్య కాదు, గీతకు పైనొకటి, కిందొకటి ఉన్న రెండు అంకెలు. రెండు అంకెలుగా చూసినంతకాలం విడివిడిగా కలపడమే వాళ్లకు సబబుగా తోస్తుంది. అందుకే క.సా.గు. కంటే ముందు చేయాల్సిన పని కొంత ఉంది.

కావలసినవి: రెండు ఏ4 కాగితాలు, 30 సెం.మీ. స్కేలు, కత్తెర, రంగు పెన్సిళ్లు. రోజుకు 20 నిమిషాలు కూర్చోబెడితే సాధారణంగా పది రోజుల్లో పని అవుతుంది.

1. పట్టీలు కత్తిరించండి

ఏ4 కాగితం పొడవు 29.7 సెం.మీ., వెడల్పు 21 సెం.మీ. పొడవును 24 సెం.మీ.కి కత్తిరించి, వెడల్పును 3 సెం.మీ. చొప్పున కోస్తే సరిగ్గా 7 పట్టీలు వస్తాయి. మనకు కావలసినవీ ఏడే. ఒకటి అలాగే ఉంచండి, అది 'ఒకటి'. మిగతావాటి మీద స్కేలుతో ఇలా గీతలు గీయించండి:

- సగాలు: 12 సెం.మీ.కి ఒక గీత
- మూడో వంతులు: 8 సెం.మీ.కి ఒకటి
- నాలుగో వంతులు: 6 సెం.మీ.కి ఒకటి
- ఆరో వంతులు: 4 సెం.మీ.కి ఒకటి
- ఎనిమిదో వంతులు: 3 సెం.మీ.కి ఒకటి
- పన్నెండో వంతులు: 2 సెం.మీ.కి ఒకటి

24 ఎందుకంటే 2, 3, 4, 6, 8, 12 అన్నీ దాన్ని శేషం లేకుండా భాగిస్తాయి. కాగితం పొడవు ఉన్నదున్నట్టు తీసుకుంటే ఎనిమిదో వంతు 3.7125 సెం.మీ. అవుతుంది, ఏ స్కేలూ చూపించలేదు. మడిచి గీతలు పెడదామంటే సగాలు, పావులు కుదురుతాయి గానీ మూడో వంతు మడత పెద్దవాళ్లకే సరిగ్గా రాదు. కొలిచి గీయించడమే మేలు.

గుండ్రటి రొట్టె బొమ్మ వేసి నేర్పడం చాలాచోట్ల ఉంది. చూడటానికి బాగుంటుంది. కానీ వృత్తాన్ని మూడు సమాన భాగాలు చేయడం పిల్లల చేత కాదు. వంకర ముక్కలు గీసి, వాటిలో ఒకదాన్ని 1/3 అని పిలుస్తారు. భాగాలు సమానంగా ఉండాలన్న మొదటి నియమం అక్కడే పోతుంది.

ఐదో వంతులకు ఈ పట్టీ పనికిరాదు (4.8 సెం.మీ.). వాటికి రెండో కాగితంలో 20 సెం.మీ. పట్టీలు వేరే రంగు వేసి చేయండి: సగం 10, పావు 5, ఐదో వంతు 4, పదో వంతు 2 సెం.మీ. ఈ రెండు రకాలనూ పక్కపక్కన ఎప్పుడూ పెట్టకండి. 'ఒకటి' పొడవు మారితే సగం పొడవూ మారిపోతుంది, పోలిక చెల్లదు.

2. భిన్నాన్ని వంతుల్లో చదివించండి

బడిలో 'త్రీ బై ఫోర్' అనో 'మూడు బై నాలుగు' అనో చదువుతారు. అలా చదివినప్పుడు చెవికి కూడా రెండు అంకెలే వినిపిస్తాయి. కొన్నాళ్లపాటు దాన్ని పక్కనపెట్టి 'మూడు నాలుగో వంతులు' అనిపించండి. మూడు పెన్సిళ్లు అన్నట్టే మూడు నాలుగో వంతులు. హారం (కింది అంకె) ముక్క పేరు చెబుతుంది, లవం (పై అంకె) ఎన్ని ముక్కలో చెబుతుంది.

ఇది పట్టుబడితే సజాతి భిన్నాల (హారం ఒకటే ఉన్నవాటి) కూడికకు వేరే పాఠం అక్కర్లేదు. మూడు పెన్సిళ్లు, రెండు పెన్సిళ్లు కలిపితే ఐదు పెన్సిళ్లు. మూడు ఎనిమిదో వంతులు, రెండు ఎనిమిదో వంతులు కలిపితే ఐదు ఎనిమిదో వంతులు. 5/16 అని రాసిన పిల్లను 'ముక్క పేరు ఎందుకు మారింది?' అని అడిగితే చాలు, తనే దిద్దుకుంటుంది.

మన ఇళ్లలో పావు, అర, ముప్పావు ఎటూ ఉన్నాయి. పావుకిలో పచ్చిమిర్చి, అరలీటరు పాలు, పావు తక్కువ ఆరు. అణాల కాలంలో ఇదంతా ఇంకా సులువు. రూపాయికి 16 అణాలు కాబట్టి పావలా నాలుగణాలు, బేడ రెండణాలు. ముప్పావు రూపాయికి బేడ కలపమంటే 12 + 2, పద్నాలుగణాలు అని నోటితో చెప్పేవారు. అదే 3/4 + 1/8 = 7/8. తెలియకుండానే రెంటినీ పదహారో వంతుల్లోకి మార్చేశారన్నమాట. 1957లో దశాంశ నాణేలు వచ్చాక ఆ వాడుక పోయింది గానీ, ఇంట్లో తాతయ్య ఉంటే ఒక సాయంత్రం ఆయనకు అప్పగించవచ్చు.

3. ఏది పెద్దది?

1/3, 1/4లలో ఏది పెద్దదని అడగండి. చాలామంది 1/4 అంటారు, నాలుగు పెద్దది కదా అని. పట్టీలు చూపిస్తే 8 సెం.మీ., 6 సెం.మీ. కళ్లముందుంటాయి. ఎక్కువమందికి పంచితే తలా ఒక్కరికి తక్కువ వస్తుందని వాళ్ల నోటితోనే అనిపించండి.

తర్వాత సమాన భిన్నాలు. 'ఒకటి' పట్టీ కింద మిగతావన్నీ ఎడమ అంచులు కలిపి పేర్చండి. 12 సెం.మీ. దగ్గర స్కేలు నిలువుగా పెడితే 1/2, 2/4, 3/6, 4/8, 6/12 అన్నీ ఒకే గీత మీద ఉంటాయి. మూడో వంతుల పట్టీలో మాత్రం అక్కడ గీత ఉండదు. ఎందుకు లేదో అడగండి. ఈ మెట్టు మీద కనీసం రెండు రోజులు ఉండాలి, తొందరపడితే తర్వాతిదంతా మంత్రంలా బట్టీ పట్టడమే అవుతుంది.

4. విజాతి భిన్నాలను కలపండి

ఇప్పుడు 1/2 + 1/3. హారాలు వేరు కాబట్టి ఇవి విజాతి భిన్నాలు. పిల్ల 2/5 అంటే తప్పని చెప్పకండి. 20 సెం.మీ. పట్టీల్లో 2/5 చూడమనండి: 8 సెం.మీ. సగం అక్కడ 10. సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తక్కువ వచ్చింది! ఈ ఆశ్చర్యం పని చేసినట్టు ఎర్ర సిరా ఎప్పుడూ చేయదు.

తర్వాత 24 సెం.మీ. పట్టీలకు రండి. సగం 12, మూడో వంతు 8, మొత్తం 20 సెం.మీ. ఇది ఏ పట్టీ మీద గీతకు సరిపోతుందో వెతకమనండి. ఆరో వంతుల్లో ఐదో గీత. కాబట్టి 5/6. పన్నెండో వంతుల మీద పదో గీతా అదే, 10/12. రెంటిలో పెద్ద ముక్కలున్నదాన్ని ఎంచుకుంటే అదే క.సా.గు. ఇచ్చే జవాబు. 2, 3ల క.సా.గు. 6 అని ఇక్కడ చెబితే ఆ మాటకు అర్థం ఉంటుంది: రెండు రకాల ముక్కలనూ కోసి ఒకే పరిమాణంలోకి తేగల అతి పెద్ద ముక్క ఆరో వంతు.

కాగితం మీద రాసేటప్పుడు వచ్చే తప్పు వేరు. 3/4 + 1/6కు క.సా.గు. 12 సరిగ్గానే కనుక్కుంటారు. తర్వాత 3/12 + 1/12 = 4/12 అని రాస్తారు. హారం మార్చి లవాన్ని మరిచారు. 3/4 అంటే 18 సెం.మీ., 3/12 అంటే 6 సెం.మీ. ముక్క మూడో వంతుకు చిన్నదైతే ముక్కల సంఖ్య మూడింతలు కావాలి. కొన్నాళ్లపాటు గుణకాన్ని పూర్తిగా రాయించండి:

3/4 = (3×3)/(4×3) = 9/12
1/6 = (1×2)/(6×2) = 2/12
మొత్తం 11/12, పట్టీ మీద 18 + 4 = 22 సెం.మీ.

అడ్డంగా గుణించే చిట్కా (3×6 + 1×4 కింద 4×6) కొందరు ముందే నేర్పేస్తారు. 22/24 వస్తుంది, తప్పేమీ లేదు. కానీ 1/2 + 1/3 + 1/4 ఇస్తే ఆ పిల్లలు ఆగిపోతారు. భిన్నాల గుణకారం వచ్చాక అక్కడా అడ్డంగా గుణిస్తారు. ఆ చిట్కాను ఇంకో ఏడాది ఆపితే నష్టం లేదు.

5. లెక్క చేసే ముందు అంచనా

అమెరికాలో 1978లో జరిగిన జాతీయ పరీక్షలో 12/13 + 7/8 ఉజ్జాయింపుగా ఎంత అని అడిగి 1, 2, 19, 21 ఇచ్చారు. రెండూ దాదాపు ఒకటే కాబట్టి జవాబు 2. పదమూడేళ్ల పిల్లల్లో 24 శాతం మందే అది గుర్తించారు. సగానికి పైగా 19 అనో 21 అనో ఎంచుకున్నారు, అంటే లవాలను కలిపారు, లేదా హారాలను.

ప్రతి లెక్కకు ముందు ఒక ప్రశ్న అలవాటు చేయండి: సున్నాకు దగ్గరా, సగానికా, ఒకటికా? 7/8 + 5/6 చేసేముందే '2 కంటే కొంచెం తక్కువ' అని చెప్పగలిగితే, 12/14 వచ్చినప్పుడు పిల్ల తనే ఆగుతుంది. (సరైన జవాబు 41/24, అంటే 1 17/24.)

గడియారం కూడా మంచి తనిఖీ. పావుగంట, గంటలో మూడో వంతు కలిపితే 15 + 20, 35 నిమిషాలు. ఐదేసి నిమిషాలు ఒక పన్నెండో వంతు కాబట్టి 7/12.

6. మిశ్రమ భిన్నాల తీసివేత

3 1/4 − 1 2/3. హారాలు సమం చేస్తే 3 3/12 − 1 8/12. 3లోంచి 8 పోదు, అప్పు తెచ్చుకోవాలి. ఇక్కడ మామూలు తీసివేత అలవాటు మోసం చేస్తుంది: పిల్లలు పది తెచ్చి 13/12 రాస్తారు. పదులు, ఒకట్లలో ఒకటి అప్పిస్తే పది వస్తుంది. ఇక్కడ ఒకటి అప్పిస్తే వచ్చేది 12/12. పన్నెండో వంతుల పట్టీ మొత్తం చేతికిచ్చి ముక్కలు లెక్కపెట్టించండి. అప్పుడు 2 15/12 − 1 8/12 = 1 7/12. హారం 5 అయితే 5/5, హారం 8 అయితే 8/8 అప్పు. ఇలా నాలుగైదు వేర్వేరు హారాలతో చేయిస్తేనే 'పది' వదులుతుంది.

7. పట్టీలు ఎప్పుడు తీసేయాలి?

అంచనా ముందే చెబుతూ, పట్టీలు ముట్టకుండా వరసగా ఐదు లెక్కలు సరిగ్గా చేస్తే తీసేయవచ్చు. ఆఖరున 5/6 + 3/8 ఇచ్చి చూడండి. క.సా.గు. 24. పిల్ల పట్టీలన్నీ వెతికి, ఇరవైనాలుగో వంతులది లేదే అంటుంది. స్కేలు చేతికివ్వండి. మన 'ఒకటి' మీద ప్రతి సెంటీమీటరూ ఒక ఇరవైనాలుగో వంతే. 20 + 9, 29 సెం.మీ.; పట్టీ దాటి ఐదు సెంటీమీటర్లు బయటికొచ్చింది, 1 5/24.