‘స్పిటల్’ అన్న మాట కనిపిస్తే ఇలా విప్పుకోండి
పాత ఇంగ్లిష్ పాఠంలో ‘స్పిటల్’ అని కనిపిస్తే హన్మకొండ హాస్టల్ పిల్లలు చాలామంది ఉమ్ముకు సంబంధించిన మాటేమో అనుకుంటారు, కాదు. ముందు ‘హా’ చేర్చి చదవండి. హాస్పిటలే! మన నోట్లో ‘హ’ జారిపోయి ఆస్పత్రి అయినట్టే, ఇంగ్లిష్ వాళ్ల నోట్లో మొదటి అక్షరమే ఊడిపోయింది.

తర్వాత మూలం పట్టుకోండి. లాటిన్‌లో ‘హోస్పెస్’ అంటే ఇంటికొచ్చిన చుట్టం. మీరుండే హాస్టల్, పక్కనున్న హోటల్ కూడా అక్కణ్నుంచి వచ్చినవే. మన దవాఖాన అంటే మందుల ఇల్లు, స్పిటల్ మాత్రం ఆశ్రయమిచ్చే ఇల్లు, అందుకే అర్థం రాసేటప్పుడు ‘పేదలకు, కుష్ఠు రోగులకు నీడనిచ్చిన చోటు’ అని తప్పకుండా చేర్చండి.

ఊరి పేరులో కనిపించినా ఇదే పద్ధతి: లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ అంటే 1197లో పెట్టిన సెయింట్ మేరీ స్పిటల్ పొలాలు.