పిల్లలకు సైకిల్ నేర్పడం ఎలా? ముందు పెడళ్ళు ఊడదీయండి

ఏటా ఎండాకాలం సెలవుల్లో ఇదే చూస్తుంటాను. అపార్ట్‌మెంట్ కింద ఒక తండ్రి నడుం వంచి, సీటు వెనక పట్టుకుని పరిగెడుతుంటాడు. సైకిల్ మీద పిల్లవాడు బిగుసుకుపోయి "నాన్నా, వదలకు, వదలకు" అని అరుస్తుంటాడు. "వదల్లేదురా, నువ్వు తొక్కు" అంటూనే ఆయన వదిలేస్తాడు. నాలుగు గజాలు వెళ్ళి పిల్లవాడు దబ్బున పడతాడు. మోకాలు చెక్కుకుపోతుంది, ఏడుపు. ఆ తర్వాత సైకిల్ దసరా దాకా మెట్ల కింద దుమ్ము పట్టి పడి ఉంటుంది.

నా ఇద్దరు పిల్లలకు, మా తోటికోడలు కొడుక్కి, మా వీధిలో ఇంకో ఆరుగురికి నేను సైకిల్ నేర్పాను. ఒక్కరి వెనకా సీటు పట్టుకుని పరిగెత్తలేదు. నాలుగైదు ఆదివారాలు, పొద్దున్నే కాసేపు, అంతే. అందుకే ఎవరైనా పాత పద్ధతిలో నేర్పుతుంటే ఆగి చెప్పకుండా ఉండలేను.

కావలసినవి

సైకిల్, హెల్మెట్, బూట్లు, గాలి పంపు, 15 నంబరు పానా. పెరిగే పిల్లాడు కదా అని ఒక సైజు పెద్ద సైకిల్ కొనకండి. అయిదారేళ్ళ పిల్లలకు 16 అంగుళాల చక్రం సరిపోతుంది. సీటు బాగా దించాలి. కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాలి, మునివేళ్ళు తగిలితే చాలదు. హెల్మెట్ అంచు కనుబొమల పైన రెండు వేళ్ళ ఎత్తులో ఉండాలి. చెప్పులు వద్దు. వదులు పైజామాలు, పొడుగు గౌన్లు వద్దు, చైన్‌లో చిక్కుకుంటాయి. టైర్ల నిండా గాలి కొట్టండి.

సైకిల్ పడిపోకుండా వెనక చక్రానికి అటూ ఇటూ బిగించే చిన్న పక్క చక్రాలుంటే ఇవాళే విప్పేయండి. అవి సైకిల్ నేర్పవు. సైకిల్ ఎటు ఒరుగుతుంటే హ్యాండిల్ అటే కాస్త తిప్పాలి, అప్పుడే చక్రాలు మళ్ళీ మనిషి కిందికి వస్తాయి. బ్యాలెన్స్ అంటే అంతకుమించి ఏమీ లేదు. పక్క చక్రాలున్న సైకిల్ ఒరగనే ఒరగదు. ఒరగనిదాని మీద ఏడాది తొక్కినా ఒరిగినప్పుడు ఏం చేయాలో ఒంటికి తెలియదు. రెండేళ్ళు అలా తొక్కిన పిల్లలకే నేర్పడం కష్టం. వాళ్ళు ముందు ఆ అలవాటు మరచిపోవాలి కదా.

పెడళ్ళు విప్పడం

ఇది అయిదు నిమిషాల పని, కానీ చాలామంది మర పాడుచేస్తారు. కుడి పెడల్ మామూలుగానే విప్పుకుంటుంది. ఎడమ పెడల్‌ది ఎదురు మర, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే విప్పుకుంటుంది. గుర్తు పెట్టుకోవడానికి ఒక సులువుంది. పానా పిడి నిలువుగా పైకి ఉండేలా పెట్టి, ఏ పెడల్ అయినా సరే సైకిల్ వెనక చక్రం వైపు తోయండి, వదులవుతుంది. ముందు చక్రం వైపు తోస్తే బిగుస్తుంది. విప్పిన పెడళ్ళ మీద ఏది కుడిదో, ఏది ఎడమదో రాసి పెట్టుకోండి.

పెడళ్ళు లేని సైకిల్ ఏమిటని మా అత్తయ్య కూడా అడిగారు. 1817లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ ఫాన్ డ్రైస్ నడిపి చూపించిన మొదటి రెండు చక్రాల బండికి పెడళ్ళు లేవు. కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోవడమే. పెడళ్ళు వచ్చింది 1860లలో, ఫ్రాన్సులో. మనుషులు ముందు బ్యాలెన్స్ నేర్చుకుని తర్వాత తొక్కడం నేర్చుకున్నారు. మనం మన పిల్లలకు ఆ రెండూ ఒకే నిమిషంలో నేర్పాలని చూస్తాం. నేను కూడా గంటకు అద్దె కట్టి తెచ్చిన పెద్ద సైకిల్ మీద, బార్ కింద నుంచి కాలు దూర్చి సగం తొక్కుడు తొక్కి నేర్చుకున్నదాన్నే. అప్పుడు పడి తగిలిన గాయం మచ్చ ఇప్పటికీ ఉంది. మా పిల్లలకు అది అక్కర్లేదని అనుకున్నాను.

చోటు, వేళ

మాది విశాఖపట్నం. ఇక్కడ అందరూ పిల్లల్ని నేరుగా బీచ్ రోడ్డుకు తీసుకెళ్తారు. పొద్దున పూట కాళీమాత గుడి దగ్గర వాహనాలు ఆపేస్తారు, నిజమే. కానీ నడిచేవాళ్ళు, పరిగెత్తేవాళ్ళు, కుక్కపిల్లలతో వచ్చేవాళ్ళు, అంతమంది మధ్య పిల్లలకు టెన్షన్. ఇసుక పడిన చోట చక్రం జారుతుంది కూడా. బీచ్ రోడ్డు నేర్చుకున్న తర్వాత.

నేర్చుకోవడానికి స్కూల్ మైదానంలో గట్టి మట్టి నేల కావాలి. గడ్డి వద్దు, చక్రాన్ని పట్టేస్తుంది. చాలా కొద్దిగా వాలు ఉండాలి. ఎంత అంటే, టెన్నిస్ బంతి పెట్టి వదిలితే అది ఒక్క క్షణం ఆలోచించి మెల్లగా దొర్లాలి. గబగబా దొర్లితే ఆ చోటు వదిలేయండి. ఆరింటికల్లా అక్కడ ఉండాలి. ఏడు దాటితే క్రికెట్ ఆడేవాళ్ళు వచ్చేస్తారు, ఎండ కూడా ముదురుతుంది. ఇరవై నిమిషాలు నేర్పి, పది నిమిషాలు ఆపి, ఇంకో ఇరవై. అంతకు మించితే కాళ్ళు అలసి పడతారు.

ముందు బ్రేకు. ఏ బ్రేకు ఏ చక్రానిదో చక్రం ఎత్తి తిప్పి చూసి, వెనక బ్రేకు ఏ చేతిదో పిల్లలకు చూపించండి. సైకిల్ పక్కన నడుస్తూ "ఆపు" అనగానే నొక్కాలి, పదిసార్లు. చిన్న వేళ్ళకు లివర్ అందకపోతే సైకిల్ షాపులో చెప్పి దగ్గరకు జరిపించండి.

అసలైన మెట్టు: కాళ్ళెత్తి జారడం

ఇక్కడ తొందరపడితే పని మొత్తం చెడుతుంది. నెమ్మదిగా చదవండి.

మొదట సీటు మీద కూర్చుని నడవమనండి. కూర్చునే నడవాలి. చాలామంది పిల్లలు పిరుదులు పైకెత్తి, సైకిల్‌ను కాళ్ళ మధ్య ఇరికించుకుని నడుస్తారు. అలా నడిస్తే బరువు సీటు మీద పడదు, ఒరుగుడు ఒంటికి తెలియదు. కూర్చుని నడవడం వచ్చాక అంగలు పొడుగవుతాయి. తర్వాత రెండు కాళ్ళతో ఒకేసారి కప్పలా నేలను తన్ని, కాళ్ళు ఎత్తేయాలి. ఒక అర క్షణం గాలిలో ఉంటారు. ఆ అర క్షణాన్ని అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపటి దాకా పెంచడమే మన పని.

మీ చేయి సైకిల్ మీద ఎక్కడా ఉండకూడదు. హ్యాండిల్ పట్టుకుంటే తిప్పేది మీరు. సీటు పట్టుకుంటే ఒరగనివ్వనిది మీరు. రెండు రకాలుగానూ బ్యాలెన్స్ నేర్చుకునేది మీరే. మరీ భయపడే పిల్లలైతే పక్కన నడుస్తూ వీపు మీద అరచేయి ఆనించండి, చొక్కా పట్టుకోకండి. చేయి తీసేటప్పుడు "తీస్తున్నాను" అని చెప్పి తీయండి. పట్టుకున్నానని అబద్ధం చెప్పి వదిలేయకండి. ఆ ఒక్కసారికి సైకిల్ ముందుకు పోవచ్చు, కానీ తర్వాత ప్రతిసారీ పిల్లలు వెనక్కి తిరిగి చూస్తారు, చూసినప్పుడల్లా పడతారు. సైకిల్ మీద ఎటు చూస్తే అటే పోతాం. అందుకే నేను వాలు చివర నిలబడి "నా ముఖం చూస్తూ రా" అంటాను. "కింద చూసుకో", "గొయ్యి ఉంది జాగ్రత్త" అని అరవను. గొయ్యి అని వినపడితే కళ్ళు గొయ్యి మీదికే పోతాయి, చక్రమూ అక్కడికే పోతుంది.

"హ్యాండిల్ అటు తిప్పు, ఇటు తిప్పు" అని కూడా చెప్పకండి. ఎవరూ విని నేర్చుకోలేరు. పాదాలు నేలకు అందుతున్నాయన్న ధైర్యం ఉంటే చేతులు వాటంతట అవే నేర్చుకుంటాయి. మాట ఎంత తగ్గిస్తే అంత మంచిది.

మా చిన్నదానికి అప్పుడు ఆరేళ్ళు. రెండు ఆదివారాలు బూట్ల ముందు భాగం అరిగేలా ఈడ్చుకుంటూనే నడిచింది. మా వారు "పెడళ్ళు పెట్టేద్దామా" అన్నారు. వద్దన్నాను. మూడో ఆదివారం వాలు సగంలో మట్టి మీద బూట్లు రాసుకునే చప్పుడు ఆగిపోయింది. టైరు కింద గులకరాళ్ళు చిటపటమనడం ఒక్కటే వినిపించింది. నేను నోరు తెరవలేదు. నా దాకా వచ్చి, బ్రేకు వేసి, కాళ్ళు ఆనించి, "అమ్మా, నేను ఎత్తాను, చూశావా?" అంది.

ఆ రోజు కూడా పెడళ్ళు పెట్టలేదు. వరసగా మూడుసార్లు అయిదు అంకెలు లెక్కపెట్టేంత సేపు జారాలి. నీళ్ళ సీసా ఒకటి నేల మీద పెడితే దాన్ని చుట్టి రావాలి, ఒకసారి ఎడమ వైపు, ఒకసారి కుడి వైపు. అది వచ్చేదాకా పెడళ్ళు మీ సంచిలోనే ఉండనివ్వండి. కొందరికి ఒక్క పూటలో వస్తుంది, కొందరికి నాలుగు వారాలు. ఈ విషయంలో పక్కింటి పిల్లలతో పోల్చకండి, అన్నతో అసలే పోల్చకండి.

పెడళ్ళు పెట్టాక

ఇక్కడి నుంచి తేలిక. కుడిది కుడికి, ఎడమది ఎడమకు, ముందు చేత్తో నాలుగు చుట్లు తిప్పి తర్వాత పానాతో బిగించండి. అదే వాలు మీద, ఒక పెడల్ పైకి, కాస్త ముందుకు ఉండేలా పెట్టి దాని మీద గట్టిగా కాలు మోపమనండి. రెండో కాలు నేలను తన్ని పైకి వస్తుంది. జారడం వచ్చిన పిల్లలు ఆ పూటే తొక్కేస్తారు. మొదట్లో పెడల్ కోసం కిందికి చూస్తారు, "నన్ను చూడు" అంటే చాలు. తర్వాత చదును నేల, ఆ తర్వాత మలుపులు.

రెండు వారాలు గడిచాక సీటు ఒక్కో అంగుళం చొప్పున పెంచండి, మునివేళ్ళు ఆనేంత వరకు. అప్పుడు బీచ్ రోడ్డుకు తీసుకెళ్ళండి, అమ్మమ్మ, తాతయ్యలతో సహా. పెద్దవాళ్ళు నడక, పిల్లలు సైకిల్, తిరిగొచ్చేటప్పుడు అందరికీ ఇడ్లీ. బయల్దేరే ముందు మాత్రం పానా తీసుకుని పెడళ్ళు ఇంకోసారి బిగించండి, కొత్తగా పెట్టినవి మొదటి వారంలో వదులవుతాయి.