కారు సబ్‌వూఫర్‌కి (బాస్ ఇచ్చే స్పీకర్, సబ్) ఆంప్ (యాంప్లిఫైయర్) ఎంత వాట్స్ ఉండాలి?

డబ్బా మీద పెద్దక్షరాల్లో 1200 వాట్స్ అని ఉంటుంది చూడండి, అది పీక్, అంటే క్షణకాలం మాత్రమే వచ్చే పవర్, దాన్ని అస్సలు పట్టించుకోకండి, లోపల ఆర్ఎంఎస్, అంటే ఆగకుండా ఇచ్చే పవర్ ఎంతో చూడండి. సబ్ ఆర్ఎంఎస్ 300 అయితే ఆంప్ కూడా దాదాపు అంతే ఇవ్వాలి, అదీ మీరు వైరింగ్ చేసే ఓమ్స్ (ఆంప్‌కి సబ్ చూపించే నిరోధం) దగ్గర.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. డ్యూయల్ 4 ఓమ్ సబ్, అంటే ఒక్కోటి 4 ఓమ్స్ ఉన్న రెండు కాయిల్స్ సబ్ ఉందనుకోండి, రెండు కాయిల్స్ ప్యారలల్‌లో కలిపితే 2 ఓమ్స్, సిరీస్‌లో అయితే 8. ఆంప్ 2 ఓమ్స్‌కి తట్టుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూశాకే కలపండి, లేదంటే వేడెక్కి ప్రొటెక్ట్‌లోకి పోతుంది, అంటే తనను తాను కాపాడుకోడానికి ఆగిపోతుంది.

చిన్న ఆంప్ అయితే స్పీకర్ సేఫ్ అనుకుంటారు గానీ, దాన్ని ఫుల్లుగా తిప్పితే క్లిప్పింగ్ (ఆంప్ శక్తి చాలక సిగ్నల్ పైభాగం తెగిపోవడం) వచ్చి కాయిల్ కాలిపోవచ్చు.

ఆంప్ మీద ఉండే గెయిన్ అంటే వాల్యూమ్ కాదండీ బాబూ, స్టీరియో సిగ్నల్‌ని ఆంప్‌కి సరిపెట్టే నాబ్! సబ్ వైర్లు పీకేసి, బాస్ బూస్ట్ ఆపేసి, స్టీరియో వాల్యూమ్ ముప్పావు వంతు పెట్టి, 50 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, మల్టీమీటర్ ఏసీ వోల్ట్స్‌లో పెట్టి ఆంప్ అవుట్‌పుట్ చూస్తూ గెయిన్ మెల్లగా పెంచండి. వాట్స్‌ని ఓమ్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే ఎక్కడ ఆపాలో వస్తుంది, 300 వాట్స్ 2 ఓమ్స్‌కి 24.5 వోల్ట్స్. అక్కడితో ఆపేయండి, షాపువాడు ఇంకొంచెం పెంచుదామన్నా సరే.

పవర్ వైర్‌కి ఫ్యూజ్ మాత్రం బ్యాటరీ పక్కనే ఉండాలి, డిక్కీలో కాదు.